మాట్లాడే యంత్రాన్ని కట్టకముందే జనంతో పరీక్షించడం ఎలా?

“హలో... అమ్మా, బెజవాడకి రాత్రిపూట బస్సేమైనా ఉందా తల్లీ?”

తయారవుతున్న ఆటోమేటిక్ సిస్టమ్‌తో మాట్లాడబోతున్నారని ముందే చెప్పాం. అయినా ఆడగొంతు వినపడగానే ఒక పెద్దాయన అన్న మొదటి మాట ఇది. నేను పక్కగదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముందే రికార్డు చేసిన వాక్యాల్లో దీనికి ఏది సరిపోతుందా అని కంగారుగా వెతుక్కుంటున్నాను. ఆ రోజుకి సిస్టమ్ అంటే నేనూ, ఒక లాప్‌టాపూ, ఒక ఎక్సెల్ షీటూ.

ఈ పద్ధతి పేరు విజర్డ్ ఆఫ్ ఓజ్. 1900లో వచ్చిన ఒక అమెరికన్ పిల్లల కథలో అందరూ హడలిపోయే మహా మాంత్రికుడు చివరికి తెర వెనక దాక్కున్న మామూలు మనిషని తేలుతుంది. పేరు అక్కడిదే. మనకైతే తోలుబొమ్మలాట అంటే చాలు: తెర మీద బొమ్మ మాట్లాడుతుంది, గొంతు వెనకున్నవాడిది. ఆ వెనకున్నవాడినే విజర్డ్ అంటాం. 1980ల మొదట్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జెఫ్ కెల్లీ ఈ దారిలోనే ఒక క్యాలెండర్ ప్రోగ్రామ్ తయారుచేశాడు. కంప్యూటర్ ముట్టని ఉద్యోగులు తమకు తోచిన ఇంగ్లిష్‌లో టైప్ చేస్తారు, మొదట్లో వెనక ఉండి సాయం పట్టేది మనిషే. వాళ్లు వాడిన మాటల్ని పోగుచేసి ప్రోగ్రామ్‌కి నేర్పుకుంటూ, మనిషి సాయాన్ని తగ్గించుకుంటూ పోయాడు. 1984లో అచ్చయిన పత్రం ప్రకారం ఆ ప్రోగ్రామ్, లెక్కించే కొలతను బట్టి, అడిగినవాటిలో 86 నుంచి 97 శాతానికి సరిగ్గా స్పందించింది. అది వాక్య నిర్మాణాన్ని విడదీసి చూసేపాటి తెలివి కూడా లేని సాదాసీదా ప్రోగ్రామ్. జనం ఏం మాట్లాడతారో ముందే విని కట్టడంతో నెగ్గుకొచ్చింది.

ఇప్పుడు చాట్‌బాట్లు ఏం అడిగినా గడగడా చెప్పేస్తున్నాయి కదా, ఇంకా ఈ బొమ్మలాట ఎందుకు అని అడగొచ్చు. కావాలంటే మీరు వాటితోనే మొదలుపెట్టండి, కాదనను. కానీ అవి ఎప్పుడు తప్పు చేస్తాయో మీ చేతిలో లేదు. ఒకరికి తప్పు చెప్పి, ఇంకొకరికి ఒప్పు చెప్తే ఆ ఇద్దరి ప్రవర్తనను పక్కపక్కన పెట్టి చూడలేం. తెర వెనక మనిషి ఉంటే ఏ మలుపులో ఏం జరగాలో మీరే నిర్ణయిస్తారు. పైగా, ఆరునెలలు కోడ్ రాశాక తెలిసే సంగతి రెండు వారాల్లో తెలిసిపోతుంది.

మామూలు ఎంక్వయిరీ కౌంటర్‌లో ఫోన్లు రికార్డు చేసుకుంటే చాలదా? చాలదు. మనిషితో మాట్లాడే తీరు వేరు, యంత్రం అనుకున్నదానితో మాట్లాడే తీరు వేరు. ఇంగ్లండ్‌లోని సర్రే యూనివర్సిటీ పరిశోధకులు విమానాల ఎంక్వయిరీ మీద ఇలాంటి ప్రయోగం చేసినప్పుడు, విజర్డ్ గొంతు యంత్రంలా వినపడాలని దాన్ని వోకోడర్ అనే గొంతు మార్చే పరికరం గుండా పంపారు. అవతల ఉన్నది ఎవరని జనం అనుకుంటున్నారన్నదే అక్కడ కీలకం.

ఇక పనిలోకి దిగుదాం. ఉదాహరణకి తెలుగులో బస్సుల ఎంక్వయిరీ తీసుకుంటున్నాను. మీది బ్యాంకు కావచ్చు, పంట ధరలు కావచ్చు, పద్ధతి ఒకటే.

ముందు ఒక్క ప్రశ్న రాసుకోండి

“జనం ఎలా మాట్లాడతారో చూద్దాం” అన్నది ప్రశ్న కాదు. “యంత్రం ఊరి పేరు తప్పుగా విన్నప్పుడు తెలుగువాళ్లు దాన్ని ఎలా సరిదిద్దుతారు?” అన్నది ప్రశ్న. ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. ప్రయోగం మధ్యలో ఎవరో ఒకరు “ఇది కూడా అడుగుదామా” అంటారు, అప్పుడు ఆ కాగితం చూపించాలి.

ఆ తర్వాత మీ ఆలోచన ఈ పద్ధతికి పనికొస్తుందో లేదో చూసుకోండి. 1991లో సర్రేకి చెందిన ఫ్రేజర్, గిల్బర్ట్ మూడు షరతులు చెప్పారు, ఇప్పటికీ వాటిని మించినవి నాకు కనపడలేదు. రేపు రాబోయే సిస్టమ్‌ని మనిషి అనుకరించగలగాలి. ఆ సిస్టమ్ ఎలా నడుచుకుంటుందో ముందే స్పష్టంగా రాయగలగాలి. చూసేవాళ్లు నమ్మేలా ఉండాలి. చాలామంది మూడోదాని గురించి టెన్షన్ పడతారు, తన్నేది రెండోది.

విజర్డ్‌కి రూల్ బుక్ రాయండి

పనిలో సగం ఇక్కడే ఉంది. విజర్డ్ మనిషి కాబట్టి అన్నీ అర్థమవుతాయి. రేపటి యంత్రానికి అర్థం కావు. కాబట్టి ఏది అర్థమైనట్టు నటించాలి, ఏది కానట్టు నటించాలి అన్నది ముందే రాసి ఉండాలి. అక్కడికక్కడ తోచినట్టు చేస్తే మీరు చదువుతున్నది ఆ రోజు విజర్డ్ మూడ్‌ని.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఒకావిడ “మా అబ్బాయికి పరీక్ష ఉంది, పొద్దున్న తొమ్మిదింటికల్లా అక్కడ దిగాలి” అంది. మనిషైతే వెనక్కి లెక్కేసుకుని రాత్రి పదింటి బస్సు చెప్తాడు. మా రూల్ బుక్‌లో యంత్రానికి బయల్దేరే టైమ్ తప్ప చేరే టైమ్ తెలియదు. “ఏ సమయానికి బయల్దేరాలనుకుంటున్నారు?” అన్న వాక్యం వినిపించాలి. ఆ రోజు విజర్డ్‌గా కూర్చున్న మా మిత్రుడికి మనసొప్పలేదు, నేరుగా పదింటి బస్సు వినిపించేశాడు. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. మేం ఆ సెషన్ మొత్తం పక్కన పడేశాం. మంచి మనసున్నవాళ్లని విజర్డ్‌గా కూర్చోబెడితే ఈ బాధ తప్పదు, ముందే చెప్పి ఉంచండి.

తెలుగులో ఈ బుక్ రాయడానికి కూర్చుంటే తలనొప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో బయటపడతాయి. రాజమండ్రి అన్నా రాజమహేంద్రవరం అన్నా ఒకే ఊరు. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్‌ని ఇమ్లీబన్ అనేవాళ్లున్నారు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు పట్నం అంటే హైదరాబాదే. ఒకరు పొద్దున్నే అంటారు, ఒకరు పొద్దుగాల అంటారు. “మాపటికి” అంటే యంత్రం ఏ టైమ్ రాసుకోవాలి?

అన్నిటికంటే ఎక్కువ సేపు కొట్టుకున్నది రాత్రి గురించి. సోమవారం ఫోన్ చేసి “రేపు రాత్రి ఒంటిగంట బస్సు” అన్నారనుకోండి. ఆ మనిషి మనసులో ఉన్నది మంగళవారం రాత్రి భోంచేసి, సంచి సర్దుకుని ఎక్కే బస్సు. క్యాలెండర్ లెక్కలో అది బుధవారం. తెలివి తక్కువ యంత్రం “రేపు” అంటే మంగళవారం తేదీ వేసి, ఒంటిగంట చేర్చి, ఇంకొన్ని గంటల్లో బయల్దేరే బస్సు టికెట్ ఇస్తుంది. ఒక రోజు తేడా. మేం రాసుకున్న రూల్: అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య ఏ టైమ్ వినిపించినా ఖాయం చేసుకోవాలి. “మంగళవారం రాత్రి దాటాక, అంటే బుధవారం తెల్లవారుజామున ఒంటిగంటకు. సరేనా?”

“ఆఁ” అనేదానికీ ఒక రూల్ కావాలి. “ఆఁ” అంటే అవును. “ఆఁ?” అని సాగదీస్తే వినపడలేదని. “ఊఁ” అంటే వింటున్నాను, చెప్పు అని మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు. మీ యంత్రానికి ఈ తేడా తెలుసా? తెలియదని నిర్ణయిస్తే విజర్డ్ మూడింటినీ ఒకేలా తీసుకోవాలి, అతనికి ఎంత ఇబ్బందిగా ఉన్నా సరే.

వాక్యాలు, గొంతు, ఆలస్యం

విజర్డ్ అప్పటికప్పుడు తెలుగు టైప్ చేస్తూ కూర్చుంటే అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారు. కాబట్టి వాక్యాలన్నీ ముందే తయారు చేసుకోండి. మాకు నలభై సరిపోయాయి: పలకరింపు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజు, ఏ టైమ్, ఖాయం చేసుకోవడం, అర్థం కాలేదనడం, మళ్లీ అడగడం. ఊళ్ల పేర్లు విడిగా. అన్నీ ఒకే టెక్స్ట్-టు-స్పీచ్ గొంతుతో, అంటే రాసినదాన్ని చదివి వినిపించే కంప్యూటర్ గొంతుతో, ఆడియో ఫైళ్లు చేసి, ఎక్సెల్ షీట్‌లో ఒక్కోదానికి నంబర్, పక్కన లింక్ పెట్టుకోండి. విజర్డ్ నొక్కితే వినపడాలి. సొంత గొంతుతో మాట్లాడొద్దు. దగ్గొచ్చినా, నవ్వొచ్చినా ఆట ముగుస్తుంది.

సిస్టమ్ మాటల్లో “మీరు” వాడండి. మా మొదటి వాక్యాల్లో ఒకటి “ప్రయాణ గమ్యస్థానాన్ని తెలుపగలరు” అని ఉండేది. దానికి వచ్చిన సమాధానాలు కూడా అదే ధోరణిలో, రేడియో వార్తల్లాగా వచ్చాయి. “ఎక్కడికి వెళ్లాలి?” అని మార్చాక జనం మామూలు మనుషులయ్యారు. యంత్రం ఎలా మాట్లాడితే మనుషులు అలా సర్దుకుంటారు, అందుకే ఈ వాక్యాల మీద పొదుపు చేయొద్దు.

ఆలస్యం సంగతి. సులువైనదానికి వెంటనే, కష్టమైనదానికి ఆలోచించి బదులిస్తే వెనక మనిషి ఉన్నాడని పట్టేస్తారు. అన్నిటికీ ఒకే గ్యాప్ ఉండాలి. మేం మూడు సెకన్లు పెట్టుకున్నాం. అంతలో వాక్యం దొరక్కపోతే “ఒక్క క్షణం” అన్న ఫైల్.

తప్పుల్ని కూడా ప్లాన్ చేయండి

మీ ప్రశ్న తప్పుల గురించి అయితే, తప్పులు ఎప్పుడు రావాలో విజర్డ్‌కి వదలకండి. ముందురోజే పాచిక వేసి ప్రతి సెషన్‌కి ఒక చీటీ రాయండి: మూడో మాటకి “వినపడలేదు”, ఆరో మాటకి ఊరు తప్పు. ఊరు తప్పంటే అడ్డదిడ్డంగా కాదు, నందిగామ అంటే నంద్యాల అన్నట్టు వినాలి, నందిగామ అంటే శ్రీకాకుళం అంటే ఎవరూ నమ్మరు.

ఇలా పరిమితిని బయటి నుంచి బిగించడం కొత్తేమీ కాదు. 1983లో ఐబీఎం పరిశోధకులు చెప్తే రాసుకునే టైప్‌రైటర్‌ని అనుకరించారు. జనం ఉత్తరాలు చెప్తుంటే పక్కగదిలో టైపిస్ట్ కొట్టడం, అక్షరాలు స్క్రీన్ మీద రావడం. టైపిస్ట్‌కి ఇంగ్లిష్ మొత్తం వచ్చు, కానీ యంత్రానికి 1000 మాటలే వచ్చన్నట్టు ఒకసారి, 5000 అన్నట్టు ఒకసారి, హద్దే లేనట్టు ఇంకోసారి నడిపించి చూశారు. హద్దు ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి పోల్చడానికి వీలైంది.

పని ఇచ్చే కార్డుల మీద తెలుగు రాయకండి

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పాల్గొనేవాళ్లకి ఏదో ఒక పని ఇవ్వాలి కదా అని “మీరు రేపు ఉదయం 6 గంటలకు విజయవాడ నుండి కర్నూలు వెళ్లాలి” అని కార్డు రాశాం. మొదటి నలుగురూ అదే వాక్యం, “నుండి”తో సహా, చదివి వినిపించారు. ఇంట్లో ఎవరైనా “నుండి” అంటారా? మనం రాసిన తెలుగే మనకి తిరిగొచ్చింది, వాళ్లది కాదు.

తర్వాత బొమ్మలకి మారాం. మ్యాప్ మీద రెండు చుక్కలు, మధ్య బాణం. క్యాలెండర్‌లో ఒక తేదీకి సున్నా చుట్టి, పక్కన గడియారం ముల్లు, ఇంకో మూల సూర్యుడో చంద్రుడో. అప్పుడు అసలు భాష బయటికొచ్చింది: “ట్వంటీ థర్డ్ మార్నింగ్ సిక్స్‌కి”, “శనివారం పొద్దుగాల ఆరింటికి”, “ఎల్లుండి తెల్లారి”. ఒకే బొమ్మకి ఇన్ని మాటలు. చదువు రానివాళ్లకి కూడా ఈ కార్డులు పనికొస్తాయి.

మనుషులు, గది, అనుమతి

ముగ్గురు ఉండాలి. విజర్డ్ ఒకరు, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి పని వివరించేవాళ్లు ఒకరు, టైమ్ చూస్తూ నోట్స్ రాసేవాళ్లు ఒకరు. విజర్డ్ గది నుంచి చప్పుడు వినపడకూడదు. సిస్టమ్ గొంతు, మనిషి గొంతు వేర్వేరు ట్రాకుల్లో రికార్డు కావాలి, లేకపోతే ఒకేసారి మాట్లాడిన చోట్లు తర్వాత విడదీయలేక ఏడుస్తారు. పాల్గొనేవాళ్ల సంఖ్య మీ ప్రశ్నని బట్టి. ముందు ముగ్గురు నలుగురితో రిహార్సల్, తర్వాత పది పన్నెండు మందితో అసలు పని మొదలుపెట్టొచ్చు. కాలేజీ పిల్లల్నే పిలవకండి, దొరకడం తేలికని అందరూ చేసే పొరపాటు అది.

రికార్డు చేస్తున్నామని, ఎందుకు చేస్తున్నామో, ఎన్నాళ్లు ఉంచుతామో, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని మొదటే తెలుగులో చెప్పి అనుమతి తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అడుగుతున్నది ఇదే: ఏ పని కోసమో చెప్పి తీసుకున్న స్పష్టమైన అనుమతి. నిజం ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు చెప్పించకండి. కార్డు మీద ఒక కల్పిత పేరు ఇవ్వండి. కాలేజీలోనో సంస్థలోనో చేస్తుంటే ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాకే మొదలుపెట్టండి, ఎందుకంటే మీరు కొంతసేపు ఒక నిజాన్ని దాస్తున్నారు.

దాచేది కూడా వీలైనంత తక్కువగా దాచండి. “ఇది పూర్తిగా పనిచేసే ఏఐ” అని అబద్ధం చెప్పక్కర్లేదు. “తయారీలో ఉన్న సిస్టమ్, తప్పులు చేయొచ్చు” అంటే చాలు.

రిహార్సల్‌లో విజర్డ్‌ని చూడండి

మొదటి సెషన్లలో గమనించాల్సింది విజర్డ్‌ని. ఏ ఫైల్ కోసం వెతుక్కుంటున్నాడు? ఏ ప్రశ్నకి రూల్ లేక బిక్కమొహం వేశాడు? ప్రతి సాయంత్రం రూల్ బుక్ సరిచేసి, అసలు సెషన్లు మొదలయ్యాక మాత్రం దాన్ని ముట్టుకోకండి. వరసగా ముప్పావు గంట కూర్చుంటే బుర్ర పనిచేయదు, అది నా సొంత అనుభవం. రోజుకి నాలుగైదు సెషన్లకి మించి పెట్టకండి. ఇద్దరు విజర్డ్‌లు ఉంటే ఒకే రికార్డింగ్‌ని ఇద్దరికీ వినిపించి, ఒకే బటన్ నొక్కుతున్నారో లేదో చూడండి. వేర్వేరు నొక్కుతుంటే తప్పు రూల్ బుక్‌ది.

తెర తీయడం

సెషన్ అయ్యాక నిజం చెప్పాలి. కానీ ఒక వరస ఉంది. ముందు “ఎలా అనిపించింది?” అని అడగండి, తర్వాత “ఏమైనా వింతగా ఉందా?” అని. అనుమానం వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది. నిజం చెప్పేశాక అడిగితే “నాకు ముందే తెలుసు” అనేవాళ్లే ఎక్కువ. తర్వాత విజర్డ్‌ని తీసుకొచ్చి చూపించండి, లాప్‌టాప్ కూడా చూపించండి. “మీ రికార్డింగ్ ఉంచమంటారా, తీసేయమంటారా?” అని మళ్లీ అడగండి, తీసేయమంటే వాళ్ల ముందే తీసేయండి. నా మొదటి సెషన్ పెద్దాయన కాసేపు నావైపు చూసి, “అయితే నేను తల్లీ తల్లీ అన్నది నిన్నా?” అని నవ్వాడు. అందరూ నవ్వరు. కొందరికి మోసపోయామనిపిస్తుంది, క్షమాపణ చెప్పే బాధ్యత మనదే.

విన్నది రాయడం, చూడడం

రికార్డింగ్‌ని పలికింది పలికినట్టు రాయండి. “వస్తది” అంటే “వస్తుంది” అని దిద్దకండి. “అదీ... మరి...” లాంటివీ, ఆగిన సెకన్లూ, మీద మీద మాట్లాడిన చోట్లూ ఉండాలి. పది నిమిషాల మాటకి గంటకి పైగా పడుతుంది. ఆటోమేటిక్‌గా రాసే టూల్ వాడితే మొదటి డ్రాఫ్ట్‌కే వాడండి, అది మీకు కావలసిన తడబాట్లనే మింగేస్తుంది.

తర్వాత ప్రతి తప్పు దగ్గర ఆగి, సరిగ్గా దాని తర్వాతి మాట చూడండి. మా చిన్న గుంపులో నందిగామ, నంద్యాల తికమక వచ్చినప్పుడు ఎక్కువమంది నడిచిన మెట్లు ఇవి: మొదట అదే మాట మళ్లీ, తర్వాత గట్టిగా ముక్కలు చేసి “నం... ది... గా... మ”, అదీ కాకపోతే “విజయవాడ దగ్గరుంది చూడు, అది”. స్పీచ్ సిస్టమ్ కట్టేవాళ్లకి రెండో మెట్టు ప్రమాదం, ఎందుకంటే అలా విరిచి పలికే మాటని అది ఎప్పుడూ విని ఉండదు. మూడో మెట్టు బంగారం, కానీ దాన్ని అందుకునే రూల్ మా దగ్గర లేదు.

వీలైతే అవే కార్డులతో మరికొందరిని పిలిచి, ఈసారి అవతల మనిషే ఉన్నాడని చెప్పి మాట్లాడించండి. రెండు గుట్టలూ పక్కన పెట్టుకుంటే యంత్రం అనుకోవడం వల్ల ఏం మారిందో కనపడుతుంది. “అండీ” ఎన్నిసార్లు వచ్చింది, మొదటి మాట ఎంత పొడుగు, అంకెలు తెలుగులోనా ఇంగ్లిష్‌లోనా. లెక్కపెట్టేవి ఇలాంటివే పెట్టుకోండి, “సౌకర్యంగా మాట్లాడారు” లాంటివి వద్దు.

మేం అసలు ఊహించనిది ఫోన్ పెట్టేసే చోట దొరికింది. టైమ్ చెప్పడం అయిపోయాక సిస్టమ్ “ఇంకేమైనా కావాలా?” అంటుంది. జనం “వద్దు” అనలేదు. “సరే అయితే”, “అలాగేనమ్మా”, “ఉంటానండీ” అన్నారు, అని ఆగారు. అవతలి నుంచి కూడా ఒక మాట రావాలి కదా. మా నలభై ఫైళ్లలో అది లేదు. విజర్డ్ “క్షమించండి, అర్థం కాలేదు” నొక్కాడు. అవతలివాళ్లు ఇంకాస్త గట్టిగా “ఉంటానండీ!” అన్నారు. మళ్లీ అర్థం కాలేదు. ఆ రాత్రి రికార్డు చేసిన నలభై ఒకటో ఫైల్‌లో రెండే మాటలున్నాయి: “ఉంటానండీ, నమస్కారం.” అసలు సెషన్లు అప్పటికే మొదలైపోయాయి కాబట్టి దాన్ని తర్వాతి ప్రయోగానికి దాచుకున్నాం.